హాజరు పట్టీ వరుసలో అతిథులు

2006 జూన్‌లో జరిగిన బదిలీల కౌన్సెలింగ్‌లో నాకు ఖమ్మం జిల్లా అడవి అంచున ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. నా హోదా స్కూల్ అసిస్టెంట్, గణితం. అంతకు ముందు వేంసూరు మండలంలో పనిచేశాను. సత్తుపల్లిలో ఇల్లు, పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, రాత్రికి మా ఇంటి అన్నం. ఆ సుఖం పోయి, ములకలపల్లికీ భద్రాచలానికీ మధ్య అడవిలో కిరాయి గది, కిరోసిన్ స్టవ్వు వచ్చాయి. కౌన్సెలింగ్ అంటే తెలియని వాళ్లకు చెబుతాను. సీనియారిటీ ప్రకారం పిలుస్తారు, ఖాళీలన్నీ బోర్డు మీద ఉంటాయి, మనకు నచ్చిన ఊరు మనమే కోరుకోవచ్చు. నా వంతు వచ్చేసరికి బోర్డు మీద ఒక్క ఊరే మిగిలింది. నేను దాన్నే కోరుకున్నాను.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడి ప్రారంభోత్సవ శిలాఫలకం ఇప్పటికీ బడి గోడకు ఉంది. దాని మీద పేర్లున్న వాళ్లలో చాలామంది ఆరోగ్యంగా ఉన్నారు.

బడిలో సగంమంది పిల్లలు పక్కనే ఉన్న ఆశ్రమ హాస్టల్ నుంచి వచ్చేవాళ్లు. ఇంట్లో కోయ మాట్లాడతారు, బడిలో తెలుగు మాట్లాడతారు, ఇంగ్లిషు పరీక్షలో రాస్తారు. హెడ్మాస్టర్ వీరభద్రం గారు మంచి మనిషి. రిటైర్మెంటు దగ్గర పడటం వల్ల ఆ మంచితనానికి భయం తోడైంది. ఏ కాగితం వచ్చినా ముందు అందులో తన పేరు ఎక్కడైనా ఉందా అని చూసుకుని, లేదని తేలాక విషయం చదివేవారు.

ఆ ఏడాది దసరా సెలవులకు ముందు హైదరాబాదు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు వచ్చారు. నగరంలో ఏదో కంపెనీ వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లు కొన్ని ఇస్తామనీ, సర్కారు బడి పిల్లలకు ఉచితంగా ప్రోగ్రామింగ్ నేర్పాలనీ, పిల్లలతో బొమ్మలు గీయించి ఊరుకోవద్దనీ చెప్పారు. ఎవరు నేర్పాలన్న ప్రశ్న వచ్చింది. మా శాఖలో ఇలాంటి ప్రశ్నలు క్షణంలో తేలిపోతాయి. కంప్యూటరంటే లెక్కలు, లెక్కలంటే మేడం. మేడం ఎప్పుడైనా కంప్యూటరును ముట్టుకుందా అని ఎవరూ అడగలేదు. ఖమ్మంలో కొన్నాళ్లు శిక్షణ ఇచ్చి, చేతిలో ఒక పుస్తకం పెట్టి, నన్ను నిపుణురాలిని చేసి పంపారు.

మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టుకునే గది ఖాళీ చేసి దాన్ని కంప్యూటర్ గది చేశాం. బియ్యం బస్తాలు స్టాఫ్ రూముకు వచ్చాయి. ఎలుకలు కూడా వాటితోపాటు రావాల్సింది, కానీ అవి గదినే నమ్ముకుని ఉండిపోయాయి. చెప్పులు బయట విడవాలన్నది హెడ్మాస్టర్ గారి మొదటి ఉత్తర్వు. కొబ్బరికాయ కొడితే నాకేమైనా అభ్యంతరమా అని ఆయన ఎంతో మర్యాదగా అడిగారు, మేము చర్చికి వెళ్లే వాళ్లమని. నాకు ఏ అభ్యంతరమూ లేదనీ, కొబ్బరినీళ్లు కీబోర్డు మీద పడకుండా చూస్తే దేవుళ్లందరూ సంతోషిస్తారనీ చెప్పాను.

ప్రోగ్రాం అంటే యంత్రానికి వరుసగా రాసిచ్చే ఆజ్ఞలు. అంతకంటే బ్రహ్మవిద్య ఏమీ లేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, చెప్పనిది చేయదు. "మీకు తెలియందేముంది" అంటే దానికి తెలియదు. "పెద్దాయన మనసు చూసి చేయి" అంటే అక్కడే ఆగిపోతుంది. ఈ ఒక్క గుణం వల్ల అది ప్రభుత్వ కొలువుకు ఎంత అనర్హమో మాకు తర్వాత తెలిసింది.

బడి వదిలాక ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్లో ఇష్టమున్న వాళ్లు ఉండిపోయేవాళ్లు. కరెంటు ఉంటే గదిలో, లేకపోతే గ్రౌండులో క్లాసు. పేర్లను ఒక క్రమంలో పెట్టే ప్రోగ్రాం నేను గ్రౌండులోనే చెప్పాను. ప్రార్థనకు పిల్లలు ఎత్తు ప్రకారం నిలబడతారు కదా. అందరినీ కలగాపులగంగా నిలబెట్టి, పక్కపక్క ఇద్దరినే చూడమన్నాను. పొట్టివాడు వెనకుంటే ముందుకు రావాలి, పొడుగువాడు వెనక్కి పోవాలి. మొదటి నుంచి చివరిదాకా ఇలా పోవాలి, మళ్లీ మొదటికి రావాలి. ఎవరూ జాగా మారాల్సిన పని లేదని తేలినప్పుడు ఆపాలి. యంత్రం చేసేదీ ఇదే. ఎత్తుకు బదులు అక్షరాలు చూస్తుంది, అంతే తేడా.

ఈ ఆట అందరికంటే ముందు పట్టుకున్నది పాయం సరిత. తొమ్మిదో తరగతి, హాస్టల్ పిల్ల. మాట తక్కువ. మాట్లాడితే ప్రశ్నే. తరగతి హాజరు పట్టీలో పేర్లు ఇంగ్లిషు అక్షరాల క్రమంలో ఉంటాయనీ, మార్కుల జాబితా, హాల్ టికెట్లు, ఆఖరికి హాస్టల్లో సబ్బులు పంచేటప్పుడు పిలుపు కూడా అదే క్రమంలో ఉంటుందనీ ఆ పిల్ల గమనించింది. ఆ పట్టీని యంత్రం చేత తయారుచేయించి నాకు చూపించిన రోజు దాని ముఖం చూడాలి. నాకు నిజంగా గర్వమనిపించింది. ఆ మాట ఆ పిల్లకు చెప్పాను కూడా.

తరగతులు బాగానే నడుస్తున్నాయి. అదే వచ్చిన చిక్కు. ప్రారంభోత్సవం జరగకుండా నడుస్తున్నాయి. మా దగ్గర ఒక పని ప్రారంభం కావాలంటే అది మొదలైతే చాలదు, దాన్ని ఎవరైనా ప్రారంభించాలి. స్వచ్ఛంద సంస్థ వాళ్లూ ఫొటోలు కావాలన్నారు. జనవరిలో ముహూర్తం పెట్టారు. ఎమ్మెల్యే గారు వస్తారన్న కబురు రాగానే గోడలకు సున్నం పడింది, శిలాఫలకానికి ఆర్డరు వెళ్లింది.

ఇక్కడ ప్రోటోకాల్ గురించి రెండు మాటలు. వేదిక మీదకు ఎవరి పేరు ముందు పిలవాలి, ఎవరు మధ్య కుర్చీలో కూర్చోవాలి, శాలువా ముందు ఎవరికి కప్పాలి అన్న క్రమాన్ని ప్రోటోకాల్ అంటారు. పిల్లల పరీక్షలో తప్పులకు సప్లిమెంటరీ ఉంటుంది. ప్రోటోకాల్ తప్పుకు ఉండదు. అందులోనూ మా మండలంలో ఒక ప్రత్యేకత ఉంది. మండల ప్రెసిడెంటు పదవి మహిళలకు రిజర్వు అయింది. ఆమె గెలిచారు. గెలిచిన నాటి నుంచి ఇల్లు చూసుకుంటున్నారు. మండలాన్ని ఆమె భర్త చూసుకుంటున్నాడు. సమావేశాలకు ఆయన, సంతకాలకు ఆమె. అధికారులు ఆయన్నే "ప్రెసిడెంటు గారూ" అని పిలిచేవాళ్లు. ఇది అందరికీ తెలిసిన రహస్యం కాబట్టి ఎవరికీ వింతగా అనిపించేది కాదు.

కంప్యూటరును వేదిక మీదనే పెట్టాలనీ, ఎమ్మెల్యే గారు మీట నొక్కగానే తెర మీద అతిథుల పేర్లు ఒక్కొక్కటే టుంగుమని మోగుతూ రావాలనీ హెడ్మాస్టర్ గారికి ఆలోచన వచ్చింది. పేరు రాగానే మా తెలుగు పండితులు మైకులో చదివి ఆహ్వానిస్తారు, వాళ్లు వచ్చి కూర్చుంటారు, శాలువా పడుతుంది. యంత్రమే అతిథులను పిలిచిన బడి జిల్లాలో ఇంకొకటి ఉండదని ఆయన సంబరం. ఆ పని సరితకు అప్పగించాం.

పేర్ల జాబితా ఆయన ఇచ్చారు. మర్నాడు ఇంకో జాబితా ఇచ్చారు. ఇద్దరిని కలిపారు, ఒకరిని తీశారు, షామియానా ఉచితంగా ఇచ్చినందుకు రేషన్ డీలర్‌ను చేర్చారు. ప్రతిసారీ సరిత మొత్తం మళ్లీ టైపు చేసేది. ఆ రోజు పొద్దున కూడా రెండు కొత్త పేర్లు వచ్చాయి. నేను వంటల దగ్గరా, పిల్లల స్వాగత గీతం దగ్గరా తిరుగుతున్నాను. ఆ పిల్ల విసిగిపోయి, తనకు తెలిసిన పద్ధతిలో శాశ్వత పరిష్కారం చేసింది. పేర్లు ఎక్కడ చేర్చినా వాటంతటవే తమ జాగాలోకి వచ్చేటట్టు, క్రమంలో పెట్టే ప్రోగ్రామును వాటికి ముందు తగిలించింది. ఏ క్రమం? బడిలో దానికి తెలిసిన క్రమం ఒక్కటే. హాజరు పట్టీ క్రమం.

జనం నిండుగా వచ్చారు. ఎమ్మెల్యే గారు నిలబడే మీట నొక్కారు. టుంగుమంది. పండితులు తెర మీద చూసి, గొంతు సవరించుకుని, గంభీరంగా చదివారు: పాఠశాల విద్యా కమిటీ చైర్‌పర్సన్ శ్రీమతి ఆదెమ్మ గారు.

ఆదెమ్మ ఒక పిల్లాడి తల్లి. జాబితాలో ఇంటిపేరు లేకుండా రాయడంతో ఇంగ్లిషు మొదటి అక్షరంతో అందరికంటే ముందుకు వచ్చింది. విద్యా కమిటీకి పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరిని చైర్‌పర్సన్‌గా ఎన్నుకోవాలి, ఆమెను ఎన్నుకున్నారు. మధ్యాహ్న భోజనం వండేది కూడా ఆమే కాబట్టి పిలుపు వినగానే పొయ్యి దగ్గర నుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వేదిక మీద అన్ని కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. మధ్యలో ఎత్తయినదానికి తెల్ల టర్కీ తువ్వాలు కప్పి ఉంది. అటువంటి తువ్వాలు ఉన్న కుర్చీ పెద్దవాళ్లదని అధికారులకు తెలుసు. ఆదెమ్మకు అది శుభ్రంగా ఉన్న కుర్చీగా కనిపించింది. కూర్చుంది. నేను ఆమెకు శాలువా కప్పాను. కార్యక్రమం వరుసలో ఉన్నదాన్ని తప్పించడానికి నేనెవరిని?

యంత్రాన్ని ఆపమని హెడ్మాస్టర్ గారు నాకు చేత్తో సైగ చేశారు. మైకు ముందు, ఎమ్మెల్యే ముందు యంత్రాన్ని ఆపితే చెడిపోయిందనుకుంటారని నేను కూడా చేత్తోనే జవాబిచ్చాను. పేర్లు టుంగు టుంగుమని వస్తూనే ఉన్నాయి. రేషన్ డీలర్ వచ్చాడు. సర్పంచ్ వచ్చాడు. జడ్పీటీసీ సభ్యుడు, అంటే మండలం నుంచి జిల్లా పరిషత్తుకు గెలిచిన ఆయన, వచ్చాడు. ప్రెసిడెంటు గారి భర్త పేరు అక్షరాల్లో బాగా వెనక ఉంది. డీలర్ మెడలో శాలువా పడ్డప్పుడే ఆయన మీసం దువ్వడం ఆపాడు. జడ్పీటీసీ కూర్చున్నప్పుడు లేచాడు. ఆయనకూ జడ్పీటీసీకీ ఎన్నికల నాటి నుంచి మాటల్లేవు. ఆయన పేరు టుంగుమని మోగే సమయానికి ఆయన జీపు బడి గేటు దాటింది. పండితులు మూడుసార్లు పిలిచి, నాలుగోసారి గొంతు తగ్గించారు.

ఎమ్మెల్యే గారి ఇంటిపేరు ఇంగ్లిషు అక్షరాల్లో చిట్టచివరన ఉండటంతో ఆయన పేరు ఆఖరుకు వచ్చింది. పండితులు లౌక్యం తెలిసిన మనిషి. ఇప్పటి వరకు మనమంతా ఎదురుచూసిన పేరు అని అందుకున్నారు. జనం ఈలలు వేశారు. అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆయనకే పడ్డాయి. తన కోసం కావాలనే ఇలా ఏర్పాటు చేశారని ఆయన అనుకున్నారు. ఆదెమ్మ లేవబోతే కూర్చోమని, పక్క కుర్చీలో కూర్చుని, పిల్లలు మంచిగ చేసిండ్రని మెచ్చుకుని వెళ్లారు. అంటే ఆ రోజు అవమానం జరిగింది ఒక్కరికే. మండలంలో ఏ పదవీ లేని ఒక్కరికే.

ఫిర్యాదు రాతపూర్వకంగా రాలేదు, ఫోనులో వచ్చింది. మా శాఖలో కాగితం ఫిర్యాదుకు నంబరు వేసి పక్కన పెడతారు, ఫోను ఫిర్యాదుకు పరుగెత్తుతారు. ప్రోటోకాల్ ఉల్లంఘన మీద విచారణకు ఉప విద్యాశాఖాధికారి, డిప్యూటీ ఈవో అంటాం, వస్తున్నారని కబురందింది. ఇందులో రాజకీయ కుట్ర ఉందనీ, జడ్పీటీసీ వర్గం మేడమ్‌ను పట్టుకుని చేయించిందనీ ఊళ్లో మాట పుట్టింది. నేను ఆ ఊళ్లో రాజకీయం చేసేంత పెద్దదాన్నని తెలిసి మా ఇంట్లో వాళ్లు చాలా నవ్వారు.

నేను మాత్రం ఎక్కువ రోజులు నవ్వలేకపోయాను. హెడ్మాస్టర్ గారు నన్ను పిలిచి, విచారణ వచ్చేలోపే మనం చర్య తీసుకున్నట్టు ఉండాలన్నారు. కంప్యూటర్ గదికి తాళం, సరితకు టీసీ. టీసీ అంటే బడి వదిలి వెళ్తున్నట్టు ఇచ్చే బదిలీ ధ్రువపత్రం. జనవరిలో టీసీ చేతికొస్తే ఏ బడీ, ఏ హాస్టలూ మధ్యలో చేర్చుకోదు. ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర మిరప ఏరే కాలం. ఒకసారి మిరపతోటలో దిగిన తొమ్మిదో తరగతి పిల్ల జూన్‌లో తిరిగి బడికి వచ్చిన సందర్భాలు నేను చాలా తక్కువ చూశాను.

నాకు ఒళ్లు మండింది. చర్య తీసుకోవాలంటే నా మీద తీసుకోండి, ప్రోగ్రాం నేర్పింది నేను, ముందు నాకు మెమో ఇవ్వండి అన్నాను. మెమో అంటే మీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో రాసివ్వండని అడిగే నోటీసు. ఆయన తల వంచుకుని నెమ్మదిగా చెప్పారు.

"మెమో ఇస్తే మీరు జవాబు రాస్తరు మేడం. పిల్ల జవాబు రాయదు గద."

ఇరవై ఏళ్ల సర్వీసులో పై అధికారి నోట అంత నిజాయితీగా వచ్చిన మాట నేను వినలేదు. ఆయనకు దుర్మార్గం లేదు. పెన్షను దగ్గర పడ్డ మనిషి ఎటు తక్కువ లోతో అటే నడుస్తాడు. ఆ రోజే టీసీ రాసిపెట్టుకున్నారు, విచారణ అధికారికి చూపించడానికి.

సరితకు ఎవరో చెప్పారు. సాయంత్రం క్లాసు దగ్గర తలుపు పట్టుకుని నిలబడింది.

"నన్ను ఇంటికి పంపుతరా టీచర్?"

పంపరని చెప్పడానికి నాకు ఏ అధికారమూ లేదు. నువ్వు తప్పేమీ చేయలేదని మాత్రం చెప్పాను. ఆ మాట వల్ల ఆ పిల్లకు ఏమైనా ఉపయోగం ఉంటుందా అన్నది నాకే అనుమానం. నా గదికి వెళ్లి సంఘటన మొత్తం వివరంగా ఒక రిపోర్టు రాసుకున్నాను, కావాల్సి వస్తే పైకి పంపుదామని. రాస్తున్నంతసేపూ నా బాధ ఒకటే. గదికి తాళం వేస్తే మళ్లీ తీయించవచ్చు. పిల్లను పంపితే మళ్లీ తెచ్చుకోలేం.

విచారణ రోజున డిప్యూటీ ఈవో గారు, మండల కార్యాలయం సూపరింటెండెంటు వచ్చారు. ప్రెసిడెంటు గారి భర్త కూడా వచ్చాడు. ఆయన వచ్చి నేరుగా స్టాఫ్ రూములో హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చున్నాడు. హెడ్మాస్టర్ గారు బియ్యం బస్తా పక్కన నిలబడ్డారు. ప్రోటోకాల్ విచారణ ఆ విధంగా మొదలైంది.

ముందు ఆదెమ్మను పిలిచారు. తువ్వాలు కుర్చీలో కూర్చోమని ఎవరు చెప్పారని అడిగారు.

"నన్ను పిలిచిండ్రు, వచ్చిన. కుర్చీ కనిపించింది, కూసున్న. గందులో తప్పేందో చెప్పున్రి సార్, మళ్ల కూసోను."

తప్పేమిటో ఎవరూ చెప్పలేదు. కూర మాడుతుందని ఆమె వెళ్లిపోయింది. తర్వాత నన్ను అడిగారు. ఎవరైనా నాయకుల ప్రోద్బలం ఉందా అన్నారు. హాజరు పట్టీ ప్రోద్బలం ఉందని చెప్పి, ఒక తరగతి పట్టీ తెచ్చి ముందు పెట్టాను. డిప్యూటీ ఈవో గారు దాన్ని కాసేపు చూశారు. ఆయన కూడా ఒకప్పుడు టీచరే. పెదవి మీద నవ్వు వచ్చి ఆగిపోయినట్టు నాకనిపించింది.

ఆయన అనుభవం ఉన్న అధికారి. ఎవరికీ దెబ్బ తగలకుండా బయటపడే దారి చూశారు. ప్రోగ్రాములో దొర్లిన పొరపాటును విచారణ అధికారి సమక్షంలో సరిచేశారని రాస్తాను, ఆ పిల్లను పిలిచి ఇప్పుడే ప్రోటోకాల్ ప్రకారం మార్పించండి, ఇంతటితో ముగిద్దాం అన్నారు. హెడ్మాస్టర్ గారికి ప్రాణం లేచి వచ్చింది. అందరం చెప్పులు విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లాం. అదృష్టం, కరెంటు ఉంది.

సరిత కీబోర్డు ముందు కూర్చుంది. పేరుకు బదులు పదవిని చూసి క్రమంలో పెట్టాలంటే ప్రతి పదవికీ ఒక నంబరు ఇవ్వాలనీ, చిన్న నంబరు ముందు వస్తుందనీ నాకు చెప్పింది. సరేనన్నాను. అప్పుడు ఆ పిల్ల డిప్యూటీ ఈవో గారి వైపు తిరిగింది. భయంతోనే అడిగింది, కానీ తెలుసుకోవాలనే అడిగింది.

"ఎవరికి ఏ నంబరో రూల్ చెప్పున్రి సార్. నేను గట్లనే రాస్త."

మొదటి నంబరు సులువుగా తేలింది. రెండోదానికి సూపరింటెండెంటు మండల ప్రెసిడెంటు అన్నారు, మండలంలో కార్యక్రమం కాబట్టి. బడి జిల్లా పరిషత్‌ది కాబట్టి జడ్పీటీసీ ముందు రావాలని హెడ్మాస్టర్ గారి నోటి నుంచి వచ్చేసింది. అన్నాక నాలుక కరుచుకున్నారు. ఊరు సర్పంచ్‌ది కదా అని ఇంకో మాట వచ్చింది. డిప్యూటీ ఈవో గారు పోయినేడాది ఒక సభలో ఎలా కూర్చున్నారో గుర్తు చేసుకున్నారు. సూపరింటెండెంటు ఇంకో సభ గుర్తు చేసుకున్నారు. రెండు సభల్లోనూ క్రమం వేరు. సరిత ఒక్కో మాటకూ నంబరు కొట్టడం, తుడపడం, మళ్లీ కొట్టడం. చాలాసేపటికి మండల ప్రెసిడెంటుకు రెండు అని ఖాయం చేశారు. ప్రెసిడెంటు గారి భర్త చేయి మీసం మీదకు వెళ్లింది.

సరిత రెండు కొట్టింది. దాని పక్కన పేరు రాయాలి. ఆయన పేరు సగం రాసి ఆగింది. బడి గోడ మీద పెయింటుతో రాసిన ప్రజాప్రతినిధుల బోర్డు కిటికీలోంచి కనిపిస్తుంది. అందులో ఆ పదవి ఎదురుగా ఆమె పేరుంది.

"ప్రెసిడెంటు అమ్మ గద సార్. ఈ సార్‌ది ఏ నంబరు?"

సూపరింటెండెంటు మెల్లగా, ప్రెసిడెంటు గారి భర్త అన్నారు. సరిత తలూపి, భర్త అనే దానికి నంబరు ఎంత వేయమంటారని అడిగింది. సరితకు అదీ ఒక పదవే కావచ్చుననిపించింది. అంతమంది అధికారులు ఆయన్ని ఆ పేరుతో గౌరవిస్తుంటే ఆ పిల్ల ఇంకోలా ఎలా అనుకుంటుంది?

ప్రెసిడెంటు గారి భర్త, ఫోను వచ్చినట్టు జేబు తడుముకుని బయటికి వెళ్లాడు. అప్పట్లో మా ఊళ్లో సెల్ సిగ్నలు లేదు.

డిప్యూటీ ఈవో గారు ఫైలు మూసి, ఈ విషయంలో పై నుంచి స్పష్టత కోరాల్సి ఉందన్నారు. స్పష్టత వచ్చే వరకు యథాతథ స్థితి, అంటే తరగతులు నడుస్తున్నట్టే నడవాలి, పిల్లలు ఉన్నచోటే ఉండాలి. వెళ్లే ముందు, తీసుకున్న చర్య ఏమైనా ఉందా అని అడిగారు. హెడ్మాస్టర్ గారు బీరువాలోంచి టీసీ తీసి ఇచ్చారు. ఆయన మొత్తం చదివి, ప్రవర్తన అన్న గడి దగ్గర వేలు పెట్టారు. అక్కడ ‘సంతృప్తికరం’ అని ఉంది. దుష్ప్రవర్తనకు పంపుతున్న పిల్ల ప్రవర్తన సంతృప్తికరం ఎలా అయిందని అడిగితే, ఎన్నేళ్లుగానో అలాగే రాసి చేయి అలవాటైపోయిందని హెడ్మాస్టర్ గారు ఒప్పుకున్నారు. డిప్యూటీ ఈవో గారు టీసీని నాలుగు ముక్కలు చేసి ఆయన చేతిలోనే పెట్టారు. ఆయన వాటిని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు, రేపు ఎవరైనా అడుగుతారేమోనని.

ఆ స్పష్టత కోరుతూ ఉత్తరం వెళ్లలేదని నాకు తర్వాత తెలిసింది. వెళ్లదని అప్పుడే తెలుసు. మండల ప్రెసిడెంటు గారి భర్తకు వేదిక మీద ఎన్నో స్థానం ఇవ్వాలని కాగితం మీద అడిగితే, ఇన్నాళ్లూ ఆయన ఏ స్థానంలో కూర్చున్నాడన్న ప్రశ్న వెనక్కి వస్తుంది. ఆ ఉత్తరం పంపవద్దని ఆయనే ఫోను చేసి ఉంటాడు. అందువల్ల ఫైలు ముందుకూ పోలేదు, మూతా పడలేదు. దాని నీడలో మా ఉచిత తరగతులు నిక్షేపంగా నడిచాయి. విచారణ పెండింగులో ఉన్న పనిని ఆపడానికి ఏ అధికారికీ ధైర్యం ఉండదు. మంజూరైన తరగతులు నిధుల్లేక ఆగిపోయిన బళ్లను నేను చూశాను. పెండింగులో పడ్డ మా తరగతులు మాత్రం ఆ కంప్యూటర్లు ఒక్కొక్కటే కన్నుమూసే దాకా ఆగలేదు. సరిత మా బడిలోనే పది పాసై పాలిటెక్నిక్‌కు వెళ్లింది.

రిటైరయ్యాక పెన్షను పని మీద ఒక రెవెన్యూ కార్యాలయానికి వెళ్లాను. లోపల కంప్యూటర్ ముందు సరిత. ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు. నన్ను చూసి లేచి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించింది. ఏం చేస్తున్నావంటే, మర్నాడు ఏదో శంకుస్థాపన ఉంటే వేదిక మీద కుర్చీల వరుస తయారుచేస్తున్నానంది. దేవుడికి హాస్యం తెలుసని నాకు అప్పుడప్పుడు గట్టిగా అనిపిస్తుంది. రూల్ వచ్చిందా అని అడిగాను.

"ఇంకా రాలే టీచర్. ఫోన్ చేసి అడిగి రాస్తున్న."

మరి భర్తల సంగతి ఏం చేస్తున్నారన్నాను.

"కుర్చీ ఏస్తం. పేరు రాయం."

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది కొంచెమే. ఫలానా పిల్ల మీద చర్య తీసుకోవాలని ఎవరైనా వస్తే, ఏ రూలు తప్పిందో ముందు రాసివ్వమని అడగాలి. రాయడానికి కూర్చుంటే చాలాసార్లు అక్కడ రూలు ఉండదు, ఎవరో ఒకరి కోపం ఉంటుంది. ఆ రోజు సరిత తనంతట తానే అడిగింది కాబట్టి బతికిపోయింది. అందరు పిల్లలూ అడగలేరు, వాళ్ల తరఫున టీచరే అడగాలి. మిగిలిన సర్వీసంతా ఏ బడిలో ఉన్నా నేను ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. నాకు ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డు రాకపోవడానికి వేరే కారణమేదీ నాకు కనిపించదు.